మిసెస్ టాలివర్ అసలు పేరు

"చెవి పట్టుకో" అన్న మాట కూడా ఆ రోజు మిసెస్ టాలివర్ నోట రాలేదు.

శనివారం మధ్యాహ్నం. వంటింట్లో పొయ్యి మీద ఇనుప దువ్వెన కాలుతోంది. కూతురు వెర్నెల్ ఆవిడ మోకాళ్ళ మధ్య పీట మీద కూర్చుంది. తలంటి ఆరబెట్టిన జుట్టు తల చుట్టూ గుబురుగా లేచి ఉంది. మా ఆష్‌బీలో ఆడపిల్లలున్న నల్లవాళ్ళ ఇళ్ళన్నిటిలోనూ శనివారం ఇదే తతంగం. కాలిన దువ్వెనతో జుట్టు సాపు చేసుకుంటే తప్ప ఆదివారం చర్చికి వెళ్ళడానికి మొహం చెల్లదు. దువ్వెన చెవి దాకా వచ్చేసరికి ఏ తల్లయినా "చెవి పట్టుకో" అంటుంది. పిల్ల చెవి మడిచి పట్టుకుంటుంది. ఎవరు నేర్పారో గానీ జార్జియా మొత్తం మీద తల్లులందరిదీ అదే మాట.

మిసెస్ టాలివర్ ఆ మాట అనలేదు. ఎడమచేతి వేళ్ళతో తనే కూతురి చెవి మడిచిపట్టి, దువ్వెన లాగి, వదిలేసింది. వేళ్ళకు సెగ తగిలే ఉంటుంది. అయినా అనలేదు.

గురువారం సాయంత్రం నుంచి ఆవిడ కూతురితో మాట్లాడటం లేదు. వేళకు పెడుతోంది, బట్టలు ఇస్త్రీ చేస్తోంది, పక్క సర్దుతోంది. మాట మాత్రం లేదు. వెర్నెల్‌కు పదకొండేళ్ళు. తిడితే పడుతుంది, రెండు దెబ్బలు వేసినా ఓర్చుకుంటుంది. ఈ పలకకపోవడం మాత్రం ఆ పిల్లకు కొత్త.

బల్ల దగ్గర నానమ్మ హెస్టర్ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుస్తూ ఇదంతా చూస్తోంది. చూసి ఊరుకునే మనిషి కాదు.

"ఏమ్మా, చెవి పట్టుకోమని దువ్వెన చెప్పదుగా. నువ్వే చెప్పాలి."

"నాకు చేతులున్నాయిగా అత్తయ్యా."

"చేతులున్నాయి సరే. నోరెక్కడ పెట్టావు?"

"దాచుకున్నాను. ఇంట్లోవాళ్ళు ఎటూ నా తరఫున ఊరంతా పంచుతున్నారు కదా."

వెర్నెల్ తల కాస్త వంగింది. తల్లి గడ్డం పట్టుకుని మళ్ళీ నిలబెట్టింది. మాట లేకుండానే.

ఇదంతా ఒక పేరు గురించి. అది ఎంత దూరం పోయిందో చెప్పాలి.

మా ఊళ్ళో తెల్లవాళ్ళు నల్లవాళ్ళలో ఎంతటివాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. పాలు తాగే పిల్ల కూడా అరవై ఏళ్ళ మనిషిని పేరు పెట్టి రమ్మంటుంది. మిస్టర్లూ మిసెస్‌లూ వాళ్ళలో వాళ్ళకే. అందుకని పెళ్ళయి కాపురానికొచ్చిన రోజునే హెస్టర్ కోడలితో చెప్పింది: "నీ పేరు ఈ గడప దాటనివ్వకు. వాళ్ళకు తెలిసిందా, ఇక చచ్చేదాకా నువ్వు లూవెనావే. తెలియదనుకో, మిసెస్ అనో ఏదో ఒకటి తగిలించి పిలవక ఏం చేస్తారు?"

కోడలు ఆ మాట అక్షరాలా పాటించింది. ఉత్తరాలు మిసెస్ ఎల్.సి. టాలివర్ అని భర్త పొడి అక్షరాల మీదే వస్తాయి. క్యారీ హిల్ బడిలో, అంటే మావాళ్ళ బడిలో, ఆవిడ ఉద్యోగం ఎల్.వి. టాలివర్ అని. చర్చిలో సిస్టర్ టాలివర్. దుకాణాల్లో తెల్లవాళ్ళు ఆవిడను పిలవాల్సి వస్తే గొంతు సవరించుకునేవాళ్ళు, "టీచర్" అనేవాళ్ళు. దిక్కుతోచక "మిసెస్ టాలివర్" అనేసి నాలిక కరుచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ సంపాదించుకున్న ఆస్తి అదే.

గురువారం వెర్నెల్ తాను ఈ ఏడే చేరిన తెల్లవాళ్ళ బడిలో ఆ పేరు చెప్పేసింది. ఆ క్లాసు టీచరు మిస్ కార్గిల్. ఆమె పిన్ని పోస్టాఫీసు కిటికీలో కూర్చుంటుంది. ఇక చాటింపు ఎందుకు? ఆ సాయంత్రమే మిసెస్ టాలివర్ స్టాంపుల కోసం వెళితే కిటికీలోంచి "ఏం కావాలి లూవెనా?" అని వినిపించింది.

ఇంటికొచ్చి కూతుర్ని ఒక్క ముక్క అడిగింది. "నువ్వేనా చెప్పింది?"

"ఊ" అంది వెర్నెల్.

అంతే. ఎందుకు చెప్పావని తల్లి అడగలేదు. కూతురు చెప్పలేదు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒకే మట్టితో చేసిన మనుషులని హెస్టర్ ఊరికే అనదు.

ఒక పక్క జుట్టు పూర్తయ్యేసరికి ముందుగది తలుపు చప్పుడైంది. ఎల్.సి. టాలివర్ తెల్ల కోటుతోనే లోపలికొచ్చాడు. చేతిలో మంగలి కత్తుల పెట్టె ఉంది.

ముగ్గురు ఆడవాళ్ళూ ఆయన వంక చూశారు. మంగలి కొట్టు శనివారం మధ్యాహ్నం మూసి ఇంటికొచ్చాడంటే, మా ఊళ్ళో ఎవరో పోయారని అర్థం.

"ఎవరికేమైంది?" అంది హెస్టర్.

"ఎవరికీ ఏమీ కాలేదు." ఆయన పెట్టె బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నాలుగు వేరుశనక్కాయలు ముందుకు లాక్కున్నాడు గానీ ఒలవలేదు.

ఎల్.సి. అంటే ఏమిటని అడగకండి. ఏమీ లేదు. కొడుక్కి పేరు పెడితే తెల్లవాళ్ళు పట్టుకుపోతారని హెస్టర్ ఉత్త అక్షరాలే పెట్టింది. ఆవిడ తెలివి ఆవిడది, వాళ్ళ తెలివి వాళ్ళది. రెండక్షరాలూ కలిపి 'ఎల్సీ' అని ఆడపిల్ల పేరు చేసి పారేశారు. మెయిన్ రోడ్డు మీద ఆయన కొట్టు. కుర్చీల్లో కూర్చునేది తెల్లవాళ్ళే. మావాళ్ళ తలలకు ఆదివారం సాయంత్రాలు పెరటి వసారా ఉంది.

"మిస్టర్ డన్‌ఫోర్డ్ గడ్డానికొచ్చాడు" అన్నాడు ఎల్.సి. "నురగ పూశాను. మెడ కింద కత్తి పెట్టాను. అప్పుడన్నాడు."

"ఏమని?" అంది భార్య.

"'ఎల్సీ, మీ లూవెనా పోస్టాఫీసులో మా ఆవిడకు కనపడిందట. అంత చక్కటి పేరు ఇన్నాళ్ళూ ఎందుకు దాచావురా' అన్నాడు."

పొయ్యి మీద దువ్వెన పొగలు కక్కుతోంది. హెస్టర్ లేచి దాన్ని పక్కకు తీసి పెట్టింది.

"మీరేమన్నారు?"

"ఏమనలేదు. అది కింద నుంచి పైకి గీసే చోటు. అక్కడ మాట్లాడకూడదు."

"తర్వాత?"

"తర్వాత గడ్డం పూర్తి చేశాను. వేడి తువ్వాలు వేశాను, పౌడరు రాశాను. ఎక్కడా గాటు పడలేదు. ఆయన వెళ్ళాక తలుపు మీద బోర్డు తిప్పి వచ్చేశాను. ఇంకా బెంచీ మీద మనుషులున్నారు. కడుపునొప్పి అని చెప్పాను."

"నిజంగానే నొప్పా నాన్నా?" అంది వెర్నెల్.

ఆయన కూతురి వంక చూసి నవ్వబోయాడు. తలకు ఒక పక్క జుట్టు సాపుగా భుజం మీద పడి ఉంది, రెండో పక్క పొదలా ఉంది. "కొంచెం" అన్నాడు.

మిసెస్ టాలివర్ చేతులు తుడుచుకుంది. "సరే. ఇక తేల్చుకోవాల్సిందేం లేదు. సోమవారం నుంచి నాతోపాటు క్యారీ హిల్‌కు వస్తుంది. ఆ బడి చాలు, ఆ చదువు చాలు."

"రాదు" అన్నాడు ఎల్.సి.

ఆవిడ తెల్లబోయింది. "మీరేనా ఈ మాట అంటున్నది?"

"నేనే."

"ఆగస్టులో ఇదే బల్ల దగ్గర కూర్చుని వద్దు వద్దు అన్నదెవరు? పిల్లను ఒంటరిగా పులుల బోనులోకి తోస్తున్నావన్నదెవరు?"

"నేనే అన్నాను. నువ్వు విన్నావా టీచరమ్మా? ఆ బడిలో సైన్సు గది ఉంది, గాజు గొట్టాలున్నాయి, అట్టలున్న పుస్తకాలున్నాయి అన్నావు. మన బడికొచ్చేవి వాళ్ళు చింపి వదిలేసినవేనన్నావు. మన పిల్లలు పుస్తకం తెరిస్తే లోపల తెల్లపిల్లల పేర్లే కనిపిస్తాయన్నావు."

"అన్నాను."

"ఈ ఏడు ఎవరికి నచ్చిన బడికి వాళ్ళు వెళ్ళొచ్చని జిల్లా ఆఫీసువాళ్ళు చెప్పగానే ముందు పరిగెత్తింది నువ్వే."

ఆ 'నచ్చిన బడి' ముచ్చట కూడా చెప్పుకోవాలి. మావాళ్ళలో గుండె ధైర్యం ఉన్నవాళ్ళు కొందరు తెల్లవాళ్ళ బడి కోరుకున్నారు. తెల్లవాళ్ళలో క్యారీ హిల్ నచ్చినవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. అందరికీ సమానంగా అవకాశం ఇచ్చామని జిల్లా స్కూళ్ళ సూపరింటెండెంటు పేపర్లో చెప్పుకున్నాడు.

"పరిగెత్తాను. బుద్ధొచ్చింది" అంది మిసెస్ టాలివర్. "నెల తిరిగేసరికి నన్నే పట్టుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెట్టి వచ్చింది. ఇంకో నెలకు ఇంకేం పెడుతుందో."

"అందుకే రావద్దంటున్నాను. ఆ పేరు పోయింది. పిల్లను వెనక్కి తెస్తే తిరిగొస్తుందా? రాదు. పేరు వాళ్ళ దగ్గరే ఉంటుంది, గాజు గొట్టాలూ వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఇచ్చుకోవాల్సింది ఇచ్చేశాం. తీసుకోవాల్సిందైనా తీసుకోనీ."

"పోయింది మీ పేరు కాదుగా. మీకలాగే ఉంటుంది."

ఆయన వేరుశనక్కాయలు పక్కకు నెట్టాడు. "నాకు పేరే లేదు, పోవడానికి" అన్నాడు మెల్లగా.

హెస్టర్ చేతిలో తొక్క కింద పడింది. కొడుకు ఆ మాట తన మొహాన ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు కూడా తనను అనలేదనే అనుకోవాలి. వంగి తొక్క ఏరుకుంది.

చివరికి ఆవిడే గొంతు విప్పింది. "మీరిద్దరూ కావలసినప్పుడు మాట మార్చుకుంటున్నారు. బాగానే ఉంది. దాన్ని అడిగారా ఎవరైనా? ఏమే పిల్లా, నీకేం కావాలి?"

ముగ్గురూ వెర్నెల్ వంక చూశారు.

"రెండో పక్క కూడా చెయ్యమను నానమ్మా" అంది వెర్నెల్. "ఇట్లా చర్చికెట్లా వెళ్ళేది?"

ఎల్.సి. నవ్వాడు. మిసెస్ టాలివర్ నవ్వలేదు గానీ దువ్వెన మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

సాయంత్రం పెరటి వసారాలో నానమ్మ, మనవరాలు మెట్ల మీద కూర్చున్నారు. అవతల పొలాల్లో వేరుశనగ పీకి ఎండబెట్టారు, మట్టి వాసన వేస్తోంది. హెస్టర్ తెల్లవాళ్ళ వంటిళ్ళలో ముసలిదైంది. ఇటువంటి మౌనాలు ఆవిడకు కొట్టిన పిండి.

"మీ టీచరు ఊరికే అడిగింది, నువ్వు ఊరికే చెప్పేశావు. అంతేనా?"

"అడిగింది. చెప్పాను."

"నా పెంపకంలో పిల్ల అట్లా చెప్పదే."

వెర్నెల్ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "నానమ్మా, నువ్వు పనిచేసిన ఇంట్లో నిన్ను మేగీ అనేవాళ్ళటగా."

"అవును. నాకు ముందు పనిచేసిన మనిషి పేరు అది. మనిషి మారినప్పుడల్లా కొత్త పేరు నేర్చుకోవడం దొరసానికి కష్టం కదా పాపం."

"మేగీ అంటే నువ్వు పలికేదానివా?"

"పలికేదాన్ని."

"మొదటిసారి కూడా?"

హెస్టర్ అరచేతులు చూసుకుంది. "మొదటిసారి పలకలేదు. వినపడనట్టు గిన్నెలు తోముతూ కూర్చున్నాను. రెండోసారి పలికాను. మీ నాన్న కడుపులో ఉన్నాడప్పుడు, పని కావాలి."

"నేను మూడోసారికి కూడా..." అని వెర్నెల్ ఆగిపోయింది.

"మూడోసారికి కూడా ఏంటే?"

"ఏం లేదు."

"ఏదో ఉంది. మీ అమ్మకు చెప్పు."

"అమ్మకు చెప్పకూడదు నానమ్మా. అమ్మకు అసలే చెప్పకూడదు." లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి అయింది, భోజనాలయ్యాయి. మిసెస్ టాలివర్ భర్తతో, కూతురు పక్కనే ఉండగా అంది: "రేపు పొద్దున దానితోపాటు నేనూ వస్తున్నానని చెప్పండి. ఆ మిస్ కార్గిల్‌తో మాట్లాడాకే తేలుస్తాను, అక్కడుండాలో ఇక్కడికి రావాలో."

"రేపు అమ్మ నీతో వస్తుందట" అన్నాడు ఎల్.సి. కూతురితో, గంభీరంగా. తర్వాత భార్య వైపు తిరిగాడు. "కోపం మాత్రం తెచ్చుకోకు. వచ్చే ఏడు క్యారీ హిల్ మూసేస్తారని అందరూ అంటున్నారు. మూస్తే మన టీచర్లలో ఎవర్ని ఉంచుకుంటారో ఎవర్ని పొమ్మంటారో అంతా ఆ సూపరింటెండెంటు ఇష్టం. నువ్వు గొంతు పెంచావని ఆయన చెవిన పడితే చాలు."

"నేనెప్పుడైనా గొంతు పెంచానా?"

"అదే నా భయం. పెంచవు."

సోమవారం పొద్దున గంట కొట్టకముందే తల్లీకూతుళ్ళు ఆ బడికి చేరారు. క్యారీ హిల్‌లో తన క్లాసు కాసేపు చూడమని మిసెస్ టాలివర్ తోటి టీచరుకు చెప్పి వచ్చింది. నేవీ బ్లూ కోటు, తెల్ల గ్లోవ్స్, చర్చి హ్యాండ్‌బ్యాగు. దారి పొడుగునా వెర్నెల్‌తో ఒక్క మాట లేదు. వరండాలో బెంచీ చూపించింది. పిల్ల కూర్చుంది.

క్లాసు గదిలో మిస్ కార్గిల్ బోర్డు మీద తేదీ రాస్తోంది. వయసులో చిన్నది, మొహంలో మంచితనం ఉంది. ఉందనే ఒప్పుకుంటాను. ఇద్దరు టీచర్లను పోల్చి చూస్తే బోర్డు మీద అక్షరాలు ఇద్దరివీ ఒకేలా గుండ్రంగా ఉంటాయి.

"ఓ, లూవెనా. రా, కూర్చో" అంది మిస్ కార్గిల్.

"నిలబడతాను. నా పేరు మీరు అడిగి తెలుసుకున్నారని విన్నాను, మిస్ కార్గిల్ గారూ."

"అడిగానంటే, అందరి తల్లుల పేర్లూ అడిగాను." నవ్వింది. "మీ అమ్మాయి తెలివైంది, లూవెనా. లెక్కల్లో దీన్ని మించినవాళ్ళు నా క్లాసులో లేరు. కానీ ఇంత మొండి పిల్లను నేను చూడలేదు."

"ఏం చేసింది?"

"నీకు చెప్పలేదా?" మిస్ కార్గిల్ సుద్దముక్క కింద పెట్టింది. "మీ అమ్మ పేరేంటంటే 'మిసెస్ టాలివర్, మేడమ్' అంటుంది. పిల్లలు నవ్వారు. అది పేరు కాదమ్మా, సొంత పేరు చెప్పు అన్నాను. మళ్ళీ అదే. మూడోసారీ అదే. ఇక చూసి చూసి ఆ గోడ దగ్గర నిలబెట్టాను. ప్రార్థన అయినప్పటి నుంచి భోజనాల గంట దాకా అక్కడే ఉంది. నోరు విప్పితే ఒట్టు."

మిసెస్ టాలివర్ గోడ వంక చూసింది. గోడ మీద ప్రపంచ పటం వేలాడుతోంది. దాని కింద ఖాళీ.

"తర్వాత చెప్పింది కదా" అంది, ఎలాగో.

"చెప్పింది. తల్లికి పేరు లేకపోతే తల్లి లేదనే అనుకుంటాను, అనాథ అనే రాసుకుంటాను అన్నాను. ఊరికే బెదిరించడానికే అన్నాననుకో. వెంటనే చెప్పేసింది. ఏడవను కూడా లేదు."

మిసెస్ టాలివర్ మళ్ళీ గోడ వంక చూసింది. బల్ల అంచు పట్టుకుంది. గురువారం సాయంత్రం నుంచి ఈ పొద్దుటి దాకా ఇంట్లో తల్లి ఉండీ లేనట్టే తిరిగింది. తన పేరు పోయిందని ఏడ్చిందే గానీ, ఆ పేరును పిల్ల ఎంతసేపు మోసిందో అడగలేదు. చెప్పమంటే కూతురు ఆ అనాథ అన్న మాట తన నోటితో తల్లి ముందు పలకాలి. అందుకే చెప్పలేదు. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మిగతా పిల్లల తల్లుల్ని మీరేమని పిలుస్తారు?"

"మిసెస్ ఫలానా అనే. అది వేరు కదా, లూవెనా." మిస్ కార్గిల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "చూడు, నాకేం పట్టింపు లేదు. మనిద్దరమే ఉన్నప్పుడు మిసెస్ టాలివర్ అంటాను, సరేనా? పిల్లల ముందు, హెడ్మాస్టరు ముందు మాత్రం లూవెనా అనక తప్పదు. నా ఉద్యోగం కూడా చూసుకోవాలి కదా. ఇంకో మాట. వచ్చే ఏడు పక్క గది ఖాళీ అవుతోంది. మీ బడి నుంచి ఒక టీచర్ని తీసుకుంటారట. నేనే నీ పేరు చెప్పాను. దయచేసి ఇప్పుడు గొడవ పెట్టుకోకు."

నిజంగా సాయం చేద్దామనే అంది. అదే వచ్చిన చిక్కు. తిట్టినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం తేలిక.

"పక్క గదిలో పిల్లలు నన్నేమని పిలుస్తారు?"

మిస్ కార్గిల్ కిటికీలోంచి బయటికి చూసింది. "మొదట్లో లూవెనా అనే అంటారు. వాళ్ళ అమ్మానాన్నలు ఒప్పుకోవాలి కదా. అలవాటయ్యాక చూద్దాం."

మిసెస్ టాలివర్ గ్లోవ్స్ సర్దుకుంది. ఉద్యోగం కావాలి. కొట్టు ఒక్కదాని మీద ఇల్లు నడవదు, అది కూడా తెల్లవాళ్ళ గడ్డాల మీద ఆధారపడిన కొట్టు. ఇక్కడి నుంచి మర్యాదగా వెళ్ళిపోతే వెర్నెల్‌కు లెక్కలుంటాయి, తనకు పక్క గది ఉంటుంది. ఆ గదిలో ఒక్కొక్క పిల్లా లేచి నిలబడి తనను పేరు పెట్టి పిలుస్తుంది. వరండాలో బెంచీ మీద కూర్చున్న పిల్ల రోజూ అది వింటుంది.

తలుపు దగ్గరికి వెళ్ళింది.

"వెర్నెల్."

నాలుగు రోజుల తర్వాత తల్లి నోట తన పేరు విని పిల్ల ఉలిక్కిపడి లేచింది.

"ఇలా రా. టీచరుగారు నిన్నొక మాట అడుగుతారు. సరిగ్గా చెప్పు." మిస్ కార్గిల్ వైపు తిరిగింది. "మొన్న అడిగిందే మళ్ళీ అడగండి, నా ముందు."

"ఇప్పుడెందుకు, అయిపోయింది కదా."

"అడగండి."

మిస్ కార్గిల్ ఇబ్బందిగా నవ్వింది. "వెర్నెల్, మీ అమ్మ పేరేంటమ్మా?"

వెర్నెల్ తల్లి మొహంలోకి చూసింది. సరిగ్గా చెప్పమంది. ఏది సరి? టీచరుకు సరైనదా, అమ్మకు సరైనదా? తల్లి సాయం చెయ్యలేదు, తల ఊపలేదు, కళ్ళు తిప్పలేదు. అట్లాగే చూస్తూ నిలబడింది. పిల్ల పెదవులు తడుపుకుంది.

"మిసెస్ టాలివర్, మేడమ్."

మిసెస్ టాలివర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"చూశావా లూవెనా" అంది మిస్ కార్గిల్ నీరసంగా. "నువ్వే నేర్పుతున్నావు దీనికి. ఇప్పుడు నేను ఊరుకున్నాననుకో, రేపు క్లాసంతా నా మాట వినదు. వెర్నెల్, వెళ్ళు. గోడ దగ్గరికి వెళ్ళు."

వెర్నెల్ వెళ్ళి పటం కింద, క్లాసు వైపు మొహం పెట్టి నిలబడింది. దారి తెలిసిన పిల్లే.

మిసెస్ టాలివర్ హ్యాండ్‌బ్యాగు ముందు బల్ల మీద పెట్టింది. గ్లోవ్స్ ఒకటొకటే తీసి దాని పక్కన పెట్టింది. నడుచుకుంటూ వెళ్ళి కూతురి పక్కన, గోడకు వీపు ఆనించి నిలబడింది.

"ఏం చేస్తున్నావు?"

"మీరడిగిందానికి నాదీ అదే జవాబు, మిస్ కార్గిల్ గారూ. దానికి పడ్డ శిక్షే నాకూ."

"నీ బడికి ఆలస్యమవుతుంది. హెడ్మాస్టరు చూస్తారు. ఆ పక్క గది సంగతి..."

"తెలుసు."

"అమ్మా, నువ్వు వెళ్ళు" అని గొణిగింది వెర్నెల్. "నాకు అలవాటే."

"నిటారుగా నిలబడు" అంది తల్లి. పిల్ల చెయ్యి వెతికి పట్టుకుంది.

గంట మోగింది. వరండాలో బూట్ల చప్పుడు, నవ్వులు. తలుపు తెరుచుకుని తెల్లపిల్లలు తోసుకుంటూ లోపలికొచ్చారు. ముందున్న రిబ్బన్ల పిల్ల ఆగింది. వెనకవాళ్ళు వచ్చి ఆ పిల్లను గుద్దుకున్నారు. ఒక్కొక్కరే గోడ వైపు చూసి నోరు మూసుకున్నారు. నేవీ బ్లూ కోటులో తమ అమ్మల వయసు నల్లావిడ గోడ దగ్గర నిలబడటం వాళ్ళెవరూ చూడలేదు.

"మిస్ కార్గిల్, ఆవిడెవరు?" అంది రిబ్బన్ల పిల్ల.

ఎవరూ కూర్చోలేదు. మిస్ కార్గిల్ సుద్దముక్క చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. ఆవిడెవరో చెప్పాలంటే లూవెనా అనో, మిసెస్ టాలివర్ అనో ఏదో ఒకటి చెప్పాలి. నోరు తెరిచింది. గోడ దగ్గరున్న ఇద్దరూ ఆమె వంకే చూస్తున్నారు.